ఇన్‌స్ట్రుమెంటంటే వీణ కాదట!

"అప్పా, మా గుంటకి నువ్వు గట్టిగా బుద్ధి సెప్పాల" అంటూ ఆ మధ్యాహ్నం ఆవిడ మా పెరటి గుమ్మంలో కూలబడింది.

మధ్యాహ్నం మూడు గంటలంటే మా ఇంట్లో నా రాతవేళ. అత్తగారు కునుకు తీస్తూంటారు, మావారు ఆఫీసులో ఉంటారు, కుక్కర్లు చల్లారి ఉంటాయి. సీరియల్ పదకొండో వారంలో నా కథానాయికను కోపంలో రైలెక్కించేశాను గాని, దింపడానికి మంచి స్టేషను దొరక్క అవస్థ పడుతున్నాను. అటువంటి సమయంలో ఎవరొచ్చినా నాకు ఒళ్లు మంటే. కాని ఆవిడ సంగతి వేరు.

"ఏం చేసిందేమిటి పిల్ల?"

"టెన్తు పాసయినాది. ఇంటరు సదవదంట. ఏదో ఇనిస్టుమెంటు నేర్సుకుంటాదంట."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ రోజుల్లో సంగీతం నేర్చుకుంటానన్న పిల్ల దొరకడమే అపురూపం. "దానికింత గొడవెందుకే? శుభ్రంగా నేర్పించు. వీణా, వయొలినా?" అన్నాను.

తలుపు వెనకాల కిసుక్కున నవ్వు వినిపించింది. పిల్ల ముందుకొచ్చింది. పదహారేళ్లు, రెండు జడలు, మోచేతి మీద బాల్‌పెన్నుతో రాసుకున్న ఏవో లెక్కలు.

"వాయించే ఇన్‌స్ట్రుమెంట్ కాదు పెద్దమ్మా. కొలిచేది. ఐ.టి.ఐ.లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అని ఉంటాది. రెండేళ్లు."

అదీ 2022 ఎండాకాలంలో నాకు జరిగిన పరాభవం. నేను బి.ఎ. చదువుకున్నాను సుమండీ. తెలుగు, చరిత్ర, రాజనీతి. సైన్సుతో నా పరిచయం పదో తరగతి పరీక్షలో బొమ్మలు అందంగా వేసినందుకు మేష్టారు జాలిపడి వేసిన మార్కుల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి ఆ పిల్లకి బుద్ధి చెప్పడానికి నాకున్న అర్హత ఏపాటిదో మీరే ఊహించుకోండి.

ఆవిడదీ నాదీ ఒకే ఊరు. ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు, రాత్రిపూట సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. చిన్నప్పుడు జీడితోటల్లో పళ్లు దొంగతనంగా కోసుకు తిని, గొంతు పట్టేసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చినవాళ్లం. నాకంటే రెండేళ్లు చిన్నది గనక 'అప్పా' అంటుంది. మా ఊళ్లో అక్కని అలాగే పిలుస్తారు. ఆ వరసన వాళ్ల పిల్లకి నేను పెద్దమ్మని. నన్ను టెక్కలి పంపించి డిగ్రీ చదివించారు. దాన్ని అయిదో తరగతితో ఆపేశారు. అంతే తేడా. ఆ 'అంతే'లో ఎంత ఉందో ఇద్దరికీ తెలుసు, మాట్లాడుకోం.

వాళ్లకి ఎకరంన్నర తోట ఉండేది. జీడి, మధ్యలో కొబ్బరి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట. అంత సొగసైన పేరు ఎవరు వెతికి పెట్టారో గాని, తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. కొబ్బరి మళ్లీ నాటి కాయ కొయ్యాలంటే ఏళ్లు. అప్పటిదాకా ఏం తింటారు? మొగుణ్ణీ పిల్లనీ తీసుకుని కాశీబుగ్గ వచ్చేసింది. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లు. ఒకదానికి రైలుస్టేషను, ఇంకొకదానికి బజారు, రెండింటికీ కలిపి జీడిపప్పు. ఆవిడ అంతకు ముందునుంచీ సీజనులో జీడి పనికి వచ్చి పోతూనే ఉండేది. ఇప్పుడు ఏడాది పొడుగునా అదే బతుకైంది.

మనం పాయసంలో వేసుకునే పప్పు ఎలా వస్తుందో మీలో ఎంతమందికి తెలుసు? గింజల్ని ముందు ఆవిరి మీద ఉడకబెడతారు. ఆరిన తర్వాత ఒక్కొక్క గింజా కత్తెర బిగించిన బల్ల మీద పెట్టి, కాలితో తొక్కి, చేత్తో మీట లాగి, లోపలి పప్పు విరక్కుండా చిప్ప విడదియ్యాలి. ఆ చిప్పలో జీడినూనె ఉంటుంది. రంగుల్లోకీ, బళ్ల బ్రేకుల్లోకీ వాడతారట; చేతికి తగిలితే మాత్రం చర్మం కాలిపోతుంది. ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటారు. ఆ తర్వాత బోర్మాలో ఆరబెట్టడం, పొర ఒలవడం, చివరికి ఏరడం. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్లీ నంబర్లు: 180, 210, 240, 320. ఏమిటీ నంబర్లంటే, ఒక పౌను తూకానికి ఎన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క. 180 నంబరు పెద్ద గింజ, 320 చిన్నది. ఆవిడ గింజ చేతిలోకి తీసుకుని, చూడకుండా, కబుర్లు చెబుతూ, నంబరు చెప్పేస్తుంది. నేనోసారి పరీక్ష పెట్టి తూయించి చూశాను. ఓడిపోయాను.

ఆ చేతుల్ని చూస్తే మాత్రం ఎవరూ ఇంట్లో పేరంటానికి పిలవరు. నల్లగా, గోళ్ల చుట్టూ చిట్లి ఉంటాయి.

కాశీబుగ్గ వచ్చిన ఏడాదికే ఆవిడ భర్త మంచాన పడ్డాడు. ఉద్దానం అంటే కొబ్బరి పచ్చదనం గుర్తొచ్చే కాలం పోయి, కిడ్నీ జబ్బు గుర్తొచ్చే కాలం వచ్చింది గదా. కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ గట్టిగా తేల్చలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్. తల్లి కూలి మానుకుంటే పొయ్యి వెలగదు గనక, తండ్రి పక్కన కూర్చునే పని పిల్లదైంది. నాలుగేసి గంటలు. చూడ్డానికి ఇంకేముంది, మిషను తప్ప? ఆ మిషనే చూసింది. రక్తం వెళ్లే గొట్టంలో గాలిబుడగ పడితే మిషను దానంతటది కూత వేసి గొట్టాన్ని నొక్కేస్తుంది. నీటి వేడి హెచ్చినా, లోపలి ద్రావకంలో ఉప్పు పాళ్లు తప్పినా ఊరుకోదు. "ఎవరు సెప్పారు దానికి?" అని అడిగిందట పిల్ల నర్సుని. నర్సుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. 2021లో అతను పోయాడు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు 2023 డిసెంబరులో వచ్చాయి. అతనికి అందలేదు.

తండ్రి పోయిన ఏడే ఆవిడ పని చేసే చోటికి కొత్త మిషన్లు దిగాయి. గింజల్ని వాటంతటవే పట్టి కోసేవి కొన్ని. ఇంకొకటి పప్పు ఏరేది. పైనుంచి పప్పు వాలుగా జారుతూంటే కెమెరాలు చూస్తాయి. మచ్చ ఉన్నదాన్ని చిన్న గొట్టంలోంచి గాలి ఉఫ్ మని ఊది పక్క డబ్బాలోకి తోసేస్తుంది. ముప్ఫై మంది ఆడవాళ్లు ఏరే బల్ల దగ్గర ఆరుగురు మిగిలారు. ఆవిడ ఆ ఆరుగురిలో ఒకర్తె. కాని కిలోల లెక్క పోయి రోజుకూలి అయింది, అదీ తక్కువ.

అదిగో, అక్కడ వచ్చింది తగువు. సెలవుల్లో తల్లికి అన్నం కేరేజీ ఇవ్వడానికి వెళ్లిన పిల్ల, మిషను ఆగిపోతే బాగుచెయ్యడానికి పైనుంచి వచ్చిన మెకానిక్కుని చూసింది. అతనికి లాడ్జి గది, కోడికూర భోజనం, షావుకారు స్వయంగా కుర్చీ వెయ్యడం. పెట్టె తెరిచాడు, చిన్న కంప్యూటరు తగిలించాడు, ఒక తీగ మార్చాడు, వెళ్లిపోయాడు. "ఏం చదివారన్నా?" అని అడిగితే ఐ.టి.ఐ. అన్నాడట.

"మా ముప్ఫైమంది కూడు తిన్న మిషనది, అప్పా! దాని కాళ్లు పిసుకుతాదంట ఇది. అందుకేనా నాను కన్నాను దీన్ని?" అంది ఆవిడ, మా గుమ్మంలో కూర్చుని.

పిల్ల గోడకేసి చూస్తూ అంది. "నాన్న పక్కనున్నది కూడా మిషనే గదమ్మా."

ఆ మాటకి తల్లి లేచి వెళ్లిపోయింది. నేను ఏం బుద్ధి చెప్పాలి చెప్పండి? కథానాయికను రైల్లోనే వదిలేసి, ఆ సాయంకాలం పిల్లను వంటింట్లో కూర్చోబెట్టుకుని అడిగాను. అసలీ ఆటోమేషనూ కంట్రోలూ అంటే ఏమిటే అని.

పొయ్యి మీద పాలున్నాయి. "నువ్వు పాలకేసి చూస్తన్నావు. పొంగు వస్తే మంట తగ్గిస్తావు. మళ్లీ చూస్తావు. అదే కంట్రోలు. కన్ను సెన్సరు, చెయ్యి వాల్వు, బుర్ర కంట్రోలరు" అంది.

"ఓసి, ఇంతేనా!" అన్నాను. అంటూండగానే పాలు పొంగిపోయాయి.

"కన్నుంది గాని, బుర్ర మాటల్లో ఉంది" అని నవ్వింది. నిజం చెప్పొద్దూ, ఇరవయ్యేళ్ల కాపురంలో నేను పొంగించిన పాలన్నీ కథానాయికల ఖాతాలోనే పడాలి. ఇస్త్రీపెట్టె వేడెక్కి దానంతటది ఆరిపోవడం, ఫ్రిజ్జు కాసేపు గుర్రుమని కాసేపు ఊరుకోవడం, మేడ మీద ట్యాంకులో బంతి తేలి నీళ్లు కట్టెయ్యడం, ఇవన్నీ అదే కుటుంబంవాళ్లట. మనం వాళ్లతో కాపురం చేస్తూ కూడా పేర్లు అడగలేదు.

సరే, ఒప్పుకున్నాను. ఇప్పుడు చేర్పించడం ఎక్కడ? ఆ భారం నా నెత్తిన పడింది. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పనొకటి చెప్పాలి, మీ ఆడపిల్లల విషయంలో పనికొస్తుంది.

ముందు టెక్కలి వెళ్లాం. కాశీబుగ్గ నుంచి బస్సులో గంటలోపే. ఒక శిక్షణ సంస్థలో గుమస్తాగారు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఆడపిల్లకి కుట్టుపని ఉంది, కంప్యూటరు ఆపరేటరు ఉంది, ఇవన్నీ ఎందుకమ్మా, షాకులు కొడతాయి" అన్నారు. పైగా మేం అడిగింది అక్కడ లేదు. అందరిచేతా మంచీ చెడ్డా విని, పేపర్లో ప్రకటన చూసి, విశాఖపట్నంలో ఓ ప్రైవేటు శిక్షణాలయానికి తీసుకుపోయాను. 45 రోజుల్లో కోర్సు, ఆపైన ఉద్యోగం గ్యారంటీ. రిసెప్షన్లో పూలకుండీలు, ఏ.సి., మంచినీళ్లకి బదులు కూల్‌డ్రింకు. అక్కడే నాకు అనుమానం రావలసింది. నా సీరియల్ పారితోషికం లోంచి 18 వేలు కట్టాను.

వారానికి పిల్ల ఫోను చేసింది. ముప్ఫై అయిదు మందికి ఒకే ఒక్క పి.ఎల్.సి. పెట్టె ఉందట. అదీ అద్దాల బీరువాలో, పట్టుచీరలాగ. తాళం మేనేజరు దగ్గర. పిల్లలంతా కంప్యూటరు తెర మీద బొమ్మల తీగలు కలిపి, బొమ్మల దీపాలు వెలిగిస్తున్నారు. నిజం తీగ ముట్టుకున్నవాడు లేడు. డబ్బు తిరిగిమ్మంటే రసీదు వెనకాల సన్నని అక్షరాలు చూపించారు. ఆ అక్షరాలు చదవకుండా సంతకం పెట్టింది ఎవరో తెలుసు గదా, రచయిత్రిగారు.

అందుకని, మీ అమ్మాయినో అబ్బాయినో ఇటువంటి చదువుకి పంపేటప్పుడు పూలకుండీలు చూడకండి. వర్కుషాపు చూపించమనండి. ఎంతమందికి ఎన్ని బల్లలున్నాయో లెక్కపెట్టండి. స్క్రూ డ్రైవర్ల పిడులు అరిగి, బల్లల మీద నూనె మరకలుంటే అది మంచి చోటు. అన్నీ తళతళలాడుతుంటే లేచి వచ్చెయ్యండి.

ఆ ఆగస్టులో విశాఖలోనే ఒక ఐ.టి.ఐ.లో సీటొచ్చింది. పదో తరగతిలో లెక్కలూ సైన్సూ ఉంటే చాలు, చదువు రెండేళ్లు, చివర దేశమంతటా చెల్లే సర్టిఫికెట్టు. ఆ తర్వాత అప్రెంటిసుగా ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటూ నెలనెలా భత్యం తీసుకోవచ్చు. దానికి 1961 నుంచే చట్టముంది. ఓపికుంటే పాలిటెక్నిక్కు డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారీ ఉంది. మన హైదరాబాదులో రామంతపూర్‌లో ఈ కొలత పరికరాలూ ఎలక్ట్రానిక్సూ నేర్పడానికే 1974లో కేంద్రప్రభుత్వం పెద్ద సంస్థ పెట్టిందట. 1974! అంటే నేను పుట్టకముందు. ఇన్నాళ్లూ నాకు రామంతపూర్ అంటే మా పెద్దాడబడుచు ఇల్లు మాత్రమే.

సెలవులకి వచ్చినప్పుడల్లా పిల్ల చెప్పేది, నేను వినేదాన్ని. అర్థమైనవి కొన్నే. కాని కొన్ని భలే బాగుండేవి. పి.ఎల్.సి. అనే ఆ పెట్టె సంగతే చూడండి. 1960ల్లో అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల్లో మిషన్లని నడపడానికి గోడ నిండా రిలేలుండేవట. టకటకలాడే విద్యుత్ స్విచ్చులన్నమాట. కారు మోడలు మారినప్పుడల్లా ఆ తీగలన్నీ పీకి మళ్లీ కట్టాలి. 1968లో డిక్ మోర్లీ అనే ఆయన, తీగలు మార్చకుండా లోపల రాత మార్చుకుంటే చాలే పెట్టెకి రూపం ఆలోచించాడు. మరుసటేడు అది జనరల్ మోటార్స్ కంపెనీకి చేరింది. పేరు మోడికాన్ 084. అది వాళ్లు చేపట్టిన 84వ పని గనక ఆ పేరు. నాకు నచ్చిందేమంటే, ఆ పెట్టెలో రాసే రాత అక్షరాల్లో లేదు. నిచ్చెన బొమ్మలో ఉంది. రెండు నిలువు గీతలు, మధ్య మెట్లు. ఎందుకంటే ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్లకి అంతకు ముందునుంచీ అలవాటైన బొమ్మ అదే. కొత్తది తెచ్చినవాడు పాత పనివాడి కంటిని కొంచెం గౌరవించాడన్నమాట.

ఇంకొకటి, నాలుగు-ఇరవై. ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో దూరంగా ఉన్న గదికి తీగ ద్వారా కబురు పంపాలి. ట్యాంకు నిండితే 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపుతారు. సగముంటే 12. ఖాళీ అయితే?

"సున్నా" అన్నాను, బి.ఎ. తెలివితో.

"కాదు, నాలుగు. సున్నా పెడితే ట్యాంకు ఖాళీయా, తీగ తెగిందా ఎలా తెలుస్తాది పెద్దమ్మా? నాలుగంటే, 'ఇక్కడేం లేదు గాని నేను బాగానే ఉన్నాను' అని. సున్నా అంటే తీగ తెగిపోనాది. అప్పుడు పరుగెత్తాల."

తల్లి ఈ మాట పక్కనుంచి వింది. మిషన్ల గురించి పిల్ల చెప్పినవాటిలో ఆవిడ ఒప్పుకున్నది ఇదొక్కటే. అప్పట్నుంచి హాస్టల్లో ఉన్న పిల్ల రోజూ రాత్రి ఎనిమిదింటికి తల్లికి ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వాలని ఒప్పందం. ఎత్తక్కర్లేదు. ఖర్చు లేదు, కబుర్లూ లేవు. మర్నాడు పనిలో కలిసినప్పుడు ఎవరైనా అడిగితే ఆవిడ "నాలుగొచ్చినాది" అనేది. తోటివాళ్లు ఇది ఏ మతిభ్రమణమో అనుకునేవారు.

ఒకరోజు రాత్రి పదిన్నరకి మా తలుపు దబదబా బాదింది. జుట్టు విరబోసుకుని, కాళ్లకి చెప్పులు లేకుండా. "అప్పా, సున్నా!"

మావారు బెదిరిపోయి లేచారు. ఆయనకేం తెలుసు సున్నా సంగతి? హాస్టలు వార్డెన్ నంబరు వెతికి చేసేసరికి పదకొండు. పిల్ల నిక్షేపంలా నిద్రపోతోంది. ఫోను ఛార్జింగు అయిపోయిందట. వార్డెన్ లేపితే పలికింది. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని ఒక్క మాటా అనకుండా గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నేను ఆవిణ్ణి అంతలా చూడలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "రేపు దానికి ఇంకో ఛార్జరు కొనిపెట్టాల" అని లేచింది. మా అత్తగారు అప్పుడు లేచి వచ్చి, ఎవరు పోయారని అడిగారు.

2024లో పిల్ల పాసైంది. పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో అప్రెంటిసు. మన జిల్లాలోనే, రణస్థలం దగ్గర. అక్కడ పెద్దపెద్ద పాత్రల్లో మందు వండుతారట. వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ కాకూడదు, ఒత్తిడి పెరగకూడదు. చేరిన మొదటి నెల దానికి ఇచ్చిన పని, కొలిచే గడియారాలన్నిటినీ విప్పి, అసలు కొలతతో పోల్చి, తప్పు చెప్పేవాటిని సరిచెయ్యడం. నలభైమంది మగవాళ్లలో ముగ్గురు ఆడపిల్లలు. ఇనప మెట్లు ఎక్కాలి గనక చుడీదారు ఓణీ పనికిరాదని యూనిఫారం ప్యాంటు వేసుకుంది. ఆ ఫోటో తల్లి నాకు చూపించి, "మొగరాయుడిలాగున్నాది" అని, మళ్లీ మళ్లీ చూసుకుంది.

మొన్న సంక్రాంతికి పిల్ల ఇంటికొచ్చినప్పుడు జరిగింది ఇది. కనుమ వెళ్లిన రెండోరోజు. నేను పప్పు కొనడానికి ఆవిడ పని చేసే చోటికే వెళ్లాను, తెలిసినవాళ్లని చెబితే ఓ పది రూపాయలు తగ్గిస్తారు గదా. వెళ్లేసరికి పని ఆగిపోయి ఉంది. ఏరే మిషను నాలుగైదు రోజులుగా మంచి పప్పుని కూడా పుచ్చు డబ్బాలోకి ఊదేస్తోందట. షావుకారు తలపట్టుకున్నారు. మిషను కంపెనీ మెకానిక్కు ఎక్కడో దూరాన ఉన్నాడు, రావడానికి మూడు రోజులు. ఫోనులో "అక్కడ పెట్టె తెరవగలిగినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడుగుతున్నాడు.

ఆవిడ ఏరే బల్ల దగ్గరనుంచి లేవకుండా, "మా గుంట ఉన్నాది" అంది.

ఇంతకు ముందు ఆ మాట ఆవిడ నోట వస్తుందని నేను కథల్లో కూడా రాయలేను. పిల్లని పిలిపించారు. అది వస్తూనే ముందు మిషను కరెంటు కట్టించింది, గాలి గొట్టం మూయించింది. దీపం పెట్టి లోపల చూసింది. ఫోనులో అతనేదో అడుగుతున్నాడు, ఇదేదో చెబుతోంది. నాకు 'ఎయిరు', 'ప్రెషరు' తప్ప ఏమీ తెలియలేదు. గంటయింది. తేలలేదు.

"అద్దం సూసినావేటే?" అంది తల్లి, బల్ల దగ్గర్నుంచే.

"చూశానమ్మా. దాన్ని తుడిచే రబ్బరు దానంతటదే తుడుస్తాది."

"తుడుస్తాది గాని, పులుముతాది. పొర ఒలిచిన దుమ్ము జిడ్డుగుంటాది. ఎడమేపున జారిన పప్పే పుచ్చులోకి ఎల్తన్నాది, కుడేపుది ఎల్లట్నేదు. నాలుగు రోజులై నాను సెప్తన్నాను, ఇన్నోడెవడు?"

పిల్ల చూసింది. కెమెరా ముందున్న అద్దాన్ని తుడిచే రబ్బరు ఒక పక్క అరిగిపోయి, దుమ్ముని సన్నని చారలాగ పులిమేస్తోంది. ఆ చార మిషను కంటికి పప్పు మీద మచ్చలా కనిపిస్తోంది. మిషను తన పని తాను నిజాయితీగానే చేస్తోంది, పాపం. అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి, రబ్బరు తిప్పి బిగించి, మళ్లీ నడిపించారు. చాలావరకు సర్దుకుంది గాని, ఇంకా కొంచెం మంచిది పోతోంది. మచ్చ ఎంత ముదురైతే ఊదెయ్యాలో ఆ లెక్క మార్చాలట. ఫోనులో అతను అడిగాడు: "మంచిదేదో, కాదేదో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు పక్కన ఉండాలి. ఎవరున్నారు?"

పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

ఆవిడ లేచింది. చేతులు కొంగుకి తుడుచుకుని మిషను పక్కన నిలబడింది. పుచ్చు డబ్బాలోంచి గుప్పెడు తీసి, ఒక్కొక్కటే పిల్ల అరచేతిలో పెడుతూ, "ఇది మంచిది. ఇదీ మంచిదే, పొర మరకంతే. ఇది మాడినాది. ఇది పుచ్చు, లోపలున్నాది, పైకి కనపడదు" అని చెబుతోంది. పిల్ల తెర మీద అంకె మార్చి, మళ్లీ పోయించి, మళ్లీ గుప్పెడు తీయించి చూస్తోంది. అలా ఎనిమిది సార్లో, తొమ్మిది సార్లో. పి.ఎల్.సి.కీ ఆవిడకీ మధ్య పిల్ల దుబాసీలా ఉంది.

షావుకారు పిల్లకి డబ్బిచ్చారు. అది తీసుకుని లెక్కపెట్టి, రెండు భాగాలు చేసి సగం తల్లి చేతిలో పెట్టింది. "నాకెందుకే?" అంది ఆవిడ.

"సగం పని నువ్వు చేశావు."

"నాను సేసిన పనికి రోజుకూలి ఆయనిస్తాడు" అని తిరిగిచ్చెయ్యబోయింది. పిల్ల తీసుకోలేదు. షావుకారు అటు తిరిగి ఫోనులో మాట్లాడుకుంటున్నట్టు నిలబడ్డారు. మిగిలిన అయిదుగురు ఆడవాళ్లు ఏరడం ఆపి ఆయనకేసే చూస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. రోజుకూలి సంగతి ఆ మర్నాడు అందరూ కలిసి అడిగారని తర్వాత తెలిసింది. ఇంతవరకు తేలలేదు.

నేను కిలో పప్పు కొన్నాను, 240 నంబరు. బేరమాడ్డానికి ఎందుకో నోరు రాలేదు. ముగ్గురం కలిసి రైలుగేటు దాకా నడిచాం. పిల్ల మర్నాటి బస్సుకి పైడిభీమవరం వెళ్లిపోవాలి.

"ఛార్జరు పెట్టుకున్నావేటి?" అంది తల్లి.

"రెండూ పెట్టుకున్నాను."